సీ భాషలో వైడ్ క్యారెక్టర్ల నుంచి మల్టీబైట్ క్యారెక్టర్లకు మార్పిడి

సీ భాషలో వైడ్ క్యారెక్టర్ అంటే ఒక అక్షరసంకేతం మొత్తం ఒకే పూర్ణాంకంలో ఇమిడిన విలువ. దాని రకం డబ్ల్యూచార్-టీ. మల్టీబైట్ క్యారెక్టర్ అంటే అదే సంకేతాన్ని ఒకటో, రెండో, మూడో బైట్ల వరుసగా మామూలు చార్ అరేలో రాసుకున్నది. మెమరీలో ఒక్కో సంకేతాన్నీ విడిగా పరిశీలించడానికి మొదటి రూపం వీలుగా ఉంటుంది. ఫైలులో రాయాలన్నా, టెర్మినల్ మీద చూపాలన్నా, నెట్‌వర్క్‌లో పంపాలన్నా రెండో రూపం కావాలి. ఈ రెంటి మధ్య వంతెనగా సీ ప్రామాణిక లైబ్రరీలో డబ్ల్యూసీ-టు-ఎంబీ, డబ్ల్యూసీ-ఆర్-టు-ఎంబీ, డబ్ల్యూసీఎస్-టు-ఎంబీఎస్, డబ్ల్యూసీఎస్-ఆర్-టు-ఎంబీఎస్ అనే ఫంక్షన్లున్నాయి. పేర్లు చూస్తే ఇదొక అంకెను ఇంకో రూపంలోకి మార్చే చిన్న లెక్క అనిపిస్తుంది. నిజానికి ఫలితాన్ని తేల్చేవి మూడు: మార్చాల్సిన సంకేతం, అమల్లో ఉన్న లోకేల్ (భాష, ప్రాంతం, ఎన్‌కోడింగ్‌ల అమరిక), అప్పటిదాకా రాసిన బైట్లు మిగిల్చిన స్థితి. ఈ ఫంక్షన్ల తొలి రూపంలో వీటిలో మొదటిదే ఆర్గ్యుమెంట్‌గా కనిపించేది. మిగతా రెండూ తెర వెనకే ఉండిపోయాయి. ఈ విభాగంలో ప్రోగ్రామర్లకు ఎదురయ్యే దోషాల్లో చాలావాటికి మూలం అక్కడుంది. 1989 నుంచి 2023 దాకా వచ్చిన సవరణలన్నీ ఆ దాగిన ఆర్గ్యుమెంట్లను ఒక్కొక్కటిగా బయటికి లాగే ప్రయత్నాలేనని ఈ వ్యాసం వాదన. ఆ పని ఇంకా పూర్తికాలేదు.

ముందు మార్పిడి ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణలో చూద్దాం. తెలుగు 'అ' యూనికోడ్ సంఖ్య 3077. ద్వియాంశంలో రాసి 16 బిట్లకు నింపితే 0000 110000 000101 అని మూడు ముక్కలవుతుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో మొదటి ముక్కకు ముందు 1110, మిగతా రెండిటికీ ముందు 10 చేర్చితే 224, 176, 133 అనే మూడు బైట్లు వస్తాయి. తెలుగు లిపికి కేటాయించిన 3072 నుంచి 3199 వరకు ఉన్న సంకేతాలన్నీ ఇలాగే మూడేసి బైట్లవుతాయి. కాబట్టి లోకేల్ యూటీఎఫ్-8 అయినప్పుడు డబ్ల్యూసీ-ఆర్-టు-ఎంబీకి 3077 ఇస్తే ఆ మూడు బైట్లనూ బఫర్‌లో రాసి, 3 అనే విలువను తిరిగి ఇస్తుంది. అదే ప్రోగ్రాము, అదే 3077, అదే యంత్రం. లోకేల్ మాత్రం 'సీ' అనే మూల లోకేల్ అనుకుందాం. గ్నూ సీ లైబ్రరీలో ఆ పిలుపు విఫలమవుతుంది, ఎర్నోలో ఈఐఎల్‌ఎస్‌ఈక్యూ అనే దోషసంకేతం పడుతుంది. ఫంక్షన్‌ను పిలిచిన వరుసలో ఒక్క అక్షరం కూడా మారలేదు. మారినది ప్రోగ్రాము మొదట్లో ఎక్కడో పిలిచిన, లేదా పిలవడం మరిచిపోయిన, సెట్‌లోకేల్.

ఇంత ముఖ్యమైన విషయాన్ని కంటికి కనబడని చోట ఎందుకు పెట్టారన్న ప్రశ్నకు జవాబు ఆ కాలంలో ఉంది. డబ్ల్యూచార్-టీ, లోకేల్, మార్పిడి ఫంక్షన్ల తొలి జట్టు మూడూ 1989 నాటి ఆన్సీ ప్రమాణంతోనే వచ్చాయి. అప్పటికి యూనికోడ్ తొలి సంపుటి కూడా వెలువడలేదు. అది వచ్చింది 1991లో. యూటీఎఫ్-8ను కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించింది 1992 సెప్టెంబరులో. 1989లో మల్టీబైట్ అంటే ప్రధానంగా జపాన్, చైనా, కొరియాల సంకేతాలే. ఒక్క జపాన్‌లోనే షిఫ్ట్-జిస్, ఈయూసీ, ఐఎస్‌ఓ-2022 పద్ధతి మూడూ పక్కపక్కన నడుస్తున్నాయి. ప్రమాణకర్తలు వీటిలో దేన్నీ ఎంచుకునే స్థితిలో లేరు, ఎంచుకోవడం న్యాయమూ కాదు. అందుకే వైడ్ క్యారెక్టర్ విలువ ఏమిటో, మల్టీబైట్ బైట్లు ఏమిటో చెప్పకుండా, ఆ రెండూ లోకేల్‌ను బట్టి ఉంటాయని వదిలేశారు. శూన్య బైటు ఇంకే మల్టీబైట్ క్యారెక్టర్‌లోనూ భాగం కాకూడదన్న కట్టుబాటును మాత్రం గట్టిగా పెట్టారు. లేకపోతే సీ స్ట్రింగులే కూలిపోతాయి. మిగతా బైట్ల విషయంలో అలాంటి రక్షణ లేదు. షిఫ్ట్-జిస్‌లో కటకానా లిపి 'సో' అక్షరం 131, 92 అనే రెండు బైట్లు. ఆస్కీలో 92 అంటే వెనక్కి వాలిన గీత, బ్యాక్‌స్లాష్. మార్చిన బైట్లను ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోయే పాత కోడ్ ఆ 92ను ఎస్కేప్ గుర్తుగానో, విండోస్ ఫోల్డర్ల మధ్య విభజన గుర్తుగానో పొరబడడం జపాన్ ప్రోగ్రామర్లకు ఏళ్ల తరబడి తలనొప్పి.

స్థితి అనే మూడో అంశం ఐఎస్‌ఓ-2022 కుటుంబంలో బాగా కనిపిస్తుంది. అందులో బైటు అర్థం దానికదే తేలదు, అంతకుముందు వచ్చిన ఎస్కేప్ వరుసను బట్టి మారుతుంది. 27తో మొదలయ్యే ఒక వరుస వస్తే అక్కడి నుంచి కాంజీ, ఇంకో వరుస వస్తే మళ్లీ ఆస్కీ. తెలుగుకు దగ్గరి ఉదాహరణ 1991లో భారతీయ ప్రమాణంగా వచ్చిన ఇస్కీ. అందులో భారతీయ లిపులన్నీ ఒకే బైట్ల వరుసను పంచుకుంటాయి: 179 అంటే 'క'. అది దేవనాగరి క-నా, తెలుగు క-నా అన్నది అంతకుముందు వచ్చిన లిపి సూచన చెబుతుంది. 239 తర్వాత 69 వస్తే అక్కడి నుంచి తెలుగు. యూనికోడ్‌లో తెలుగు 'క' 3093, దేవనాగరి 'క' 2325, అంటే వేర్వేరు సంకేతాలు. కాబట్టి 3093ను ఇస్కీలోకి మార్చితే ఎన్ని బైట్లు వస్తాయన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. అప్పటికే తెలుగులో ఉంటే ఒకటి, లేకపోతే లిపి సూచనతో కలిపి మూడు. ఇస్కీ సీ భాషలో ఒక లోకేల్‌గా వాడుకలోకి వచ్చిందని కాదు. విండోస్ మాత్రం తెలుగు ఇస్కీకి 57005 అనే కోడ్ పేజీ సంఖ్య ఇచ్చి ఈనాటికీ ఉంచింది. ఒకే సంకేతం, ఒకే ఎన్‌కోడింగ్, అయినా రెండు ఫలితాలు: స్థితిని ఆర్గ్యుమెంట్‌గా ఎందుకు చూడాలో ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

1989 నాటి డబ్ల్యూసీ-టు-ఎంబీ ఈ స్థితిని తన లోపలే, ఒక స్థిర చలరాశిలో దాచుకునేది. ఒకేసారి రెండు ఫైళ్లకు రాస్తున్న ప్రోగ్రాములో ఒక ఫైలు స్థితి రెండోదానికి అంటుకుంటుంది. థ్రెడ్లు వస్తే చెప్పక్కర్లేదు. 1995లో వచ్చిన మొదటి సవరణ దీన్ని సరిదిద్దింది. డబ్ల్యూచార్ హెడర్, ఎంబీస్టేట్-టీ రకం, పేరులో 'ఆర్' చేరిన కొత్త ఫంక్షన్లు అప్పుడే వచ్చాయి. ఇకమీదట స్థితి పిలిచేవాడి చేతిలో ఉంటుంది. ఒక్కో స్ట్రీముకు ఒక్కో ఎంబీస్టేట్-టీని సున్నాతో నింపి మొదలుపెడితే చాలు. శూన్య వైడ్ క్యారెక్టర్‌ను మార్చినప్పుడు తొలి స్థితికి తెచ్చే బైట్లు ముందు రాసి, ఆ తర్వాతే శూన్య బైటు రాయాలన్న నియమానికి కారణం కూడా ఇదే. స్థానిక స్థితికి పాయింటర్ బదులు శూన్యం పంపితే లైబ్రరీ మళ్లీ తన లోపలి స్థితినే వాడుతుంది. పాత రోగం పాత దారినే తిరిగి వస్తుంది.

మొదటి దాపరికం తొలగినా, ఫంక్షన్ రూపంలో రెండు చిక్కులు మిగిలాయి. మొదటిది తిరిగి వచ్చే విలువ. పాత ఫంక్షన్ ఇంట్ ఇచ్చేది, విఫలమైతే -1. కొత్తది సైజ్-టీ ఇస్తుంది. అది గుర్తులేని రకం కాబట్టి -1 అక్కడ అన్నిటికన్నా పెద్ద సంఖ్యగా కనిపిస్తుంది, 64 బిట్ల యంత్రంలో 18446744073709551615. పాత అలవాటు కొద్దీ 'ఫలితం సున్నా కన్నా తక్కువైతే' అని రాసిన పరీక్ష ఎన్నటికీ నిజం కాదు. ఆ ఫలితాన్నే బఫర్ పాయింటర్‌కు కూడితే ఆచరణలో పాయింటర్ ఒక బైటు వెనక్కి జరుగుతుంది. అక్షరం పోవడమే కాదు, అంతకుముందు రాసిన బైటు మీద తర్వాతది పడుతుంది. దోషం వచ్చిన చోట కాక ఇంకెక్కడో బయటపడుతుంది. రెండో చిక్కు బఫర్ పరిమాణం. డబ్ల్యూసీ-ఆర్-టు-ఎంబీకి గమ్యం ఎంత పెద్దదో చెప్పే ఆర్గ్యుమెంట్ లేదు. ఎంబీ-కర్-మ్యాక్స్ వరకు రాయవచ్చు, అంతే. ఆ విలువ లోకేల్‌తో పాటు మారుతుంది కాబట్టి దాన్ని అరే పొడవుగా పెట్టి నమ్ముకోలేం. అందుకు వాడాల్సింది ఎంబీ-లెన్-మ్యాక్స్ అనే స్థిరాంకం. గ్నూ లైబ్రరీలో అది 16, మజిల్ లైబ్రరీలో 4. సీ11 తన కే అనుబంధంలో పరిమాణాన్ని అడిగే రూపాలను చేర్చింది. అది ఐచ్ఛికం, గ్నూ లైబ్రరీ దాన్ని అమలు చేయలేదు, కాబట్టి లినక్స్ కోసం రాసేవారికి దాని వల్ల ఒరిగేదేమీ లేదు.

మొత్తం స్ట్రింగును మార్చే ఫంక్షన్లకు పరిమాణం ఇవ్వవచ్చు, కానీ అక్కడ ఇంకో మెలిక. డబ్ల్యూసీఎస్-టు-ఎంబీఎస్‌కు ఇచ్చే సంఖ్య బైట్లది, అక్షరాలది కాదు. అన్ని బైట్లూ నిండిపోతే చివర శూన్య బైటు రాయదు. తిరిగొచ్చిన విలువ ఇచ్చిన పరిమాణానికి సమానమైతే ఆ స్ట్రింగుకు ముగింపు లేదని అర్థం చేసుకుని మనమే పెట్టాలి. సగం క్యారెక్టర్ రాయనన్న మాట మాత్రం అది నిలబెట్టుకుంటుంది. 'స్త్రీ' అన్న పదం తీసుకోండి. కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో స, పొల్లు గుర్తు, త, పొల్లు గుర్తు, ర, గుడి దీర్ఘం కలిపి 6 సంకేతాలు. యూటీఎఫ్-8లో 18 బైట్లు. 10 బైట్ల బఫర్ ఇస్తే ఫంక్షన్ మూడు సంకేతాలను మార్చి 9 దగ్గర ఆగిపోతుంది. మిగిలేది 'స్త'. ప్రమాణం ప్రకారం తప్పేమీ లేదు, తెలుగు చదివేవారికి మాత్రం అక్షరం తెగింది. వైడ్ క్యారెక్టర్ అంటే సంకేతమే గాని మన అక్షరం కాదన్నది గుర్తుంచుకోకపోతే, పేర్లను పొడవు కొద్దీ కత్తిరించే ఏ ఫారమ్ అయినా ఇలాంటి తప్పే చేస్తుంది. డబ్ల్యూసీఎస్-ఆర్-టు-ఎంబీఎస్ ఈ విషయంలో మేలు. మూల పాయింటర్‌ను తానే ముందుకు జరిపి ఎక్కడ ఆగిందో చెబుతుంది, ముగింపు చేరితే దాన్ని శూన్యం చేస్తుంది. గమ్యం బదులు శూన్యం ఇస్తే ఎన్ని బైట్లు కావాలో లెక్కగట్టి చెబుతుంది. ముందు లెక్క, తర్వాత కేటాయింపు, ఆపైన మార్పిడి అన్నది వాడుకలో ఉన్న పద్ధతి.

ఆ పద్ధతికీ ఒక ఊహ ఆధారం: మొదటి పిలుపుకూ రెండో పిలుపుకూ మధ్య లోకేల్ మారలేదన్నది. సెట్‌లోకేల్ ప్రాసెస్ మొత్తానికీ వర్తిస్తుంది. ఇంకో థ్రెడ్‌లో ఒక లైబ్రరీ దాన్ని మార్చిందంటే లెక్క తప్పుతుంది. 2008 పాసిక్స్ ప్రమాణం యూజ్‌లోకేల్‌ను చేర్చి, లోకేల్‌ను థ్రెడ్‌కు కట్టేసే వీలు కల్పించింది. దాగిన రెండో ఆర్గ్యుమెంట్ అలా సగం బయటికొచ్చింది. అయితే ఆచరణలో ఎక్కువ నష్టం చేసేది లోకేల్ మారడం కన్నా అసలు పెట్టకపోవడం. ప్రతి సీ ప్రోగ్రామూ 'సీ' లోకేల్‌లోనే మొదలవుతుంది. ఖాళీ పేరుతో సెట్‌లోకేల్ పిలిస్తేనే వాడుకరి పరిసర చలరాశులు అమల్లోకి వస్తాయి. అవి లేని చోట, అంటే నిర్ణీత సమయానికి నడిచే పనుల్లో, చిన్న కంటైనర్లలో, ఆ పిలుపు కూడా 'సీ' లోకేల్‌నే తెస్తుంది. అక్కడ ప్రింట్‌ఎఫ్‌లో వైడ్ స్ట్రింగును చూపే పర్సెంట్-ఎల్‌ఎస్ లోపల ఈ మార్పిడే జరుగుతుంది కాబట్టి, తెలుగు పేరు వస్తే మొత్తం ప్రింట్‌ఎఫ్ రుణ విలువతో విఫలమవుతుంది. ప్రింట్‌ఎఫ్ ఫలితాన్ని పరీక్షించేవారు అరుదు. లాగ్ ఫైలులో ఆ వరుస మధ్యలోనే తెగిపోయి ఉంటుంది, కారణం ఎవరికీ తెలియదు. ఈ చిక్కు ఎంత విస్తృతమో పైథాన్ చరిత్ర చెబుతుంది. 2018లో వచ్చిన పైథాన్ 3.7 మొదలవగానే 'సీ' లోకేల్ కనిపిస్తే దాన్ని వీలైన చోట 'సీ.యూటీఎఫ్-8'గా మార్చుకుంటుంది. గ్నూ లైబ్రరీ ఆ లోకేల్‌ను 2022 నాటి 2.35 సంచికలో తనతోపాటే ఇవ్వడం మొదలుపెట్టింది.

విండోస్‌లో కథ వేరు, ఇంకా చిక్కు. 1993లో ఎన్‌టీ వచ్చేనాటికి యూనికోడ్ 16 బిట్లలో ఇమిడిపోతుందన్న నమ్మకం బలంగా ఉండేది. డబ్ల్యూచార్-టీ అక్కడ 16 బిట్లయింది. 1996లో యూనికోడ్ రెండో సంపుటి ఆ హద్దు దాటింది. ఇప్పుడు సంకేతాల గరిష్ఠ సంఖ్య 1114111. 65535 దాటిన ప్రతి సంకేతమూ విండోస్‌లో రెండు డబ్ల్యూచార్-టీల జంట. ఒక వైడ్ క్యారెక్టర్ ఒక సంకేతాన్ని మొత్తం పట్టాలన్నది సీ ప్రమాణం కోరిక. ఆ కోరిక తీరని చోట, ఒక్కొక్కటిగా మార్చే ఫంక్షన్‌కు జంటలో సగం మాత్రమే చేతికొస్తుంది. ఆ సగానికి సొంతంగా ఏ మల్టీబైట్ రూపమూ లేదు. గ్నూ, మజిల్ లైబ్రరీలు రెండూ 55296 నుంచి 57343 వరకున్న ఆ సగాలను దోషంగానే తిప్పికొడతాయి. సీ11 తెచ్చిన సీ16-ఆర్-టు-ఎంబీ ఫంక్షన్ ఇదే జంట సమస్యలో తొలి పాఠంలోనే తడబడింది. తర్వాతి సవరణతోనే మొదటి సగాన్ని స్థితిలో దాచుకుని సున్నా బైట్లు రాయవచ్చని స్పష్టమైంది. ఇక్కడ స్థితి మళ్లీ తెర మీదికి వచ్చింది, ఈసారి మూలం వైపు నుంచి.

విండోస్ సొంత ఫంక్షన్ వైడ్‌చార్-టు-మల్టీబైట్ ఒక విషయంలో సీ ప్రమాణం కన్నా నిజాయితీ గలది: ఏ కోడ్ పేజీలోకి మార్చాలో మొదటి ఆర్గ్యుమెంట్‌గా అడుగుతుంది. యూటీఎఫ్-8 కావాలంటే 65001. కానీ పాత కోడ్ పేజీల్లోకి మార్చేటప్పుడు లక్ష్యంలో లేని సంకేతానికి దోషం చెప్పకుండా, దగ్గరగా కనిపించే ఇంకో అక్షరాన్ని పెట్టడం దాని అలవాటు. అది వద్దని ప్రత్యేకంగా జెండా ఎత్తి చెప్పాలి. ఈ అలవాటు ఎంత ప్రమాదమో 2024లో తేలింది. విండోస్ మీద సీజీఐ రూపంలో నడిచే పీహెచ్‌పీలో బయటపడ్డ లోపానికి మూలం సరిగ్గా ఈ మార్పిడే. జపాన్, చైనా కోడ్ పేజీలున్న యంత్రాల్లో 173 సంఖ్య గల కనిపించని హైఫన్ మామూలు హైఫన్‌గా, అంటే 45గా మారిపోయేది. కమాండ్ లైన్‌లో హైఫన్‌తో మొదలైన మాట ఐచ్ఛికం కాబట్టి, హైఫన్లను ముందే వడగట్టిన భద్రతా పరీక్షను దాటుకుని దాడిచేసేవాడు తన ఐచ్ఛికాలను లోపలికి పంపగలిగాడు. వడపోత మార్పిడికి ముందు జరిగింది, ప్రమాదం మార్పిడి వల్ల పుట్టింది. అందుకే ఈ మార్పిడిని భద్రతా సరిహద్దుగా చూడాలన్న మాట అతిశయోక్తి కాదు.

ఈ వాదనకు వచ్చే మొదటి అభ్యంతరం: ఈనాడు అంతా యూటీఎఫ్-8 అయ్యాక ఈ లోకేల్ గొడవ పాతదే గదా, పాతిక వరుసల్లో సొంత మార్పిడి రాసుకుంటే సరిపోదా అన్నది. నిజమే, ఫైలు రూపమో ప్రోటోకాలో యూటీఎఫ్-8 అని ముందే తెలిసిన చోట లోకేల్‌ను అడగడమే తప్పు. అక్కడ సొంత కోడో, ఐకాన్వ్ లాంటి లైబ్రరీయో సరైన దారి. అయితే టెర్మినల్‌కు, కమాండ్ లైన్‌కు, పాత వ్యవస్థల ఫైలు పేర్లకు ఎన్‌కోడింగ్‌ను ప్రోగ్రాము నిర్ణయించదు, వాడుకరి పరిసరం నిర్ణయిస్తుంది. అక్కడ లోకేల్‌ను కాదని యూటీఎఫ్-8 రుద్దడం 1989 నాటి పొరపాటుకు అద్దంలో ప్రతిబింబమే. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: వైడ్ క్యారెక్టర్లనే వదిలేసి లోపలా బయటా యూటీఎఫ్-8నే ఉంచుకుంటే మార్పిడే ఉండదు గదా? గో, రస్ట్ భాషలు స్ట్రింగులకు ఆ దారే ఎంచుకున్నాయి. కొత్తగా మొదలయ్యే ప్రోగ్రాముకు నా ఓటు కూడా దానికే. కానీ విండోస్ ప్రధాన పిలుపులు 16 బిట్ల వైడ్ రూపాన్నే తీసుకుంటాయి. సీ లైబ్రరీలో ఒక సంకేతం అక్షరమా, అంకెనా, పెద్దక్షరం చేయాలా అని చెప్పే ఫంక్షన్లు వైడ్ విలువ మీదే పనిచేస్తాయి. వంతెన అవసరం తగ్గుతుంది, పోదు. మూడో అభ్యంతరం చరిత్ర వైపు నుంచి వస్తుంది: లోకేల్ మీద ఆధారపడటమే మొదటి నుంచీ తప్పు అన్నది. అది అన్యాయమైన తీర్పు. షిఫ్ట్-జిస్ యంత్రం మీదా ఈయూసీ యంత్రం మీదా ఒకే ప్రోగ్రామును తిరగరాయకుండా నడిపించింది ఆ నిర్ణయమే. దాన్ని పెట్టుకున్నందుకు తప్పుపట్టలేం. ఆర్గ్యుమెంట్‌గా చూపకుండా దాచినందుకు తప్పుపట్టవచ్చు.

ఇక మిగిలింది గమ్యం ఎన్‌కోడింగ్. సీ11 తెచ్చిన చార్16-టీ, చార్32-టీ రకాల లిటరల్స్ యూటీఎఫ్-16, యూటీఎఫ్-32లోనే ఉండాలని సీ23 ఖరారు చేసింది, చార్8-టీని కొత్తగా చేర్చింది. మూలం వైపు సందిగ్ధం దాదాపు తొలగిపోయింది. అయినా కొత్తగా వచ్చిన సీ8-ఆర్-టు-ఎంబీ కూడా యూటీఎఫ్-8 బైట్లను తీసుకుని లోకేల్ ఎన్‌కోడింగ్‌లోకే మార్చుతుంది. లోకేల్‌తో సంబంధం లేకుండా డబ్ల్యూచార్-టీని నేరుగా యూటీఎఫ్-8లోకి మార్చే ఫంక్షన్ సీ23 ప్రామాణిక లైబ్రరీలోనూ లేదు. ఆ పని కావాల్సినవారు పాసిక్స్ ఐకాన్వ్‌నో, ఐసీయూ లైబ్రరీనో ఆశ్రయిస్తున్నారు, లేదా 'అ' ఉదాహరణలో చూసిన బిట్ల లెక్కను తామే కోడ్‌గా రాసుకుంటున్నారు.